క్వార్కును నమ్మడానికి పట్టిన పదేళ్లు

1964 ఫిబ్రవరి 1 నాటి ‘ఫిజిక్స్ లెటర్స్’ పత్రికలో ముర్రే గెల్‌మన్ రాసిన రెండు పేజీల వ్యాసం అచ్చయింది. ప్రోటానూ న్యూట్రానూ, వాటితో పాటు అప్పటికి బయటపడ్డ ప్రబల బల కణాలన్నీ మూడే మూడు రకాల మూలకణాల కలయికలుగా చూడవచ్చని, ఆ మూలకణాల విద్యుదావేశం ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతో, మూడింట రెండు వంతులో ఉంటుందని అందులో ప్రతిపాదించారు. వాటికి క్వార్కులని పేరు పెట్టారు. ఇంత చెప్పిన మనిషి వ్యాసాన్ని ముగించిన తీరు మాత్రం ఊహించనిది. అతి పెద్ద యాక్సిలరేటర్లలో వీటికోసం వెతకడం మంచిదే, అలా వెతికితే నిజమైన క్వార్కులు లేవన్న భరోసా కలుగుతుంది అన్న భావంతో ముగించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జెనీవాలోని సెర్న్‌లో ఇరవై ఆరేళ్ల జార్జ్ జ్వైగ్ ఇదే ఆలోచనకు స్వతంత్రంగా చేరుకున్నారు. ఆయన ఆ కణాలను ‘ఏస్’లన్నారు. అవి ప్రోటాన్ లోపల నిజంగా ఉన్నాయన్నట్టే రాశారు. గెల్‌మన్ వ్యాసం పత్రికకెక్కింది. జ్వైగ్ రాసినది సెర్న్ అంతర్గత నివేదికగానే ఏళ్ల తరబడి ఉండిపోయింది.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు జ్వైగ్‌ను ధైర్యశాలిగా, గెల్‌మన్‌ను రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషిగా చూపడం ఆనవాయితీ అయిపోయింది. సాక్ష్యాలను కాలక్రమంలో పేర్చి చూస్తే ఆ కథ నిలవదని నా వాదన. 1964లో క్వార్కు ఉందని నమ్మడానికి తగినంత ఆధారం లేదు. 1974 చివరికి నమ్మకుండా ఉండడానికి తగినంత కారణం మిగల్లేదు. ఈ మధ్యకాలంలో కొత్త కొలతలు వచ్చాయి, కొత్త సిద్ధాంతం వచ్చింది. వాటితో పాటు, ఒక కణం ఉందని చెప్పాలంటే ఏం చూపించాలి అన్న కొలబద్ద కూడా మారింది. ఆ మూడో మార్పే అన్నిటికంటే లోతైనది. దాని గురించి తక్కువగా రాశారు.

ముందు ఆనాటి సందేహం ఎక్కడ పుట్టిందో చూడాలి. ఒక వస్తువు మరికొన్ని వస్తువులతో తయారైందని భౌతికశాస్త్రం అంతవరకూ చెప్పినప్పుడల్లా ఆ మాటకు స్పష్టమైన అర్థం ఉండేది. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఉన్నాయంటాం. వాటిని విడదీయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. ప్రోటాన్ ద్రవ్యరాశి ఆ లెక్కన 93.8 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. కేంద్రకంలో ఒక్కో కణాన్ని పట్టి ఉంచే శక్తి సుమారు 80 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దాని ద్రవ్యరాశిలో ఒక శాతం కూడా కాదు. భాగాల బరువులు కూడితే దాదాపు మొత్తం బరువు వస్తుంది కాబట్టి భాగాలు లోపల ఉన్నాయనడానికి ఇబ్బంది లేదు. 1949లో ఎన్రికో ఫెర్మీ, చెన్ నింగ్ యాంగ్ కలిసి, పయాన్ అనే కణం ఒక న్యూక్లియాన్, ఒక ప్రతి న్యూక్లియాన్ కలయిక కావచ్చన్నారు. ఆ రెండిటి బరువు కూడితే సుమారు 1,880 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. పయాన్ బరువు 140 మాత్రమే. తొంభై శాతానికి పైగా బరువు బంధనంలోనే ఆవిరైపోవాలి. ఇలాంటి చోట ‘లోపల ఉంది’ అన్న మాటకు ఏం అర్థమో ఎవరూ చెప్పలేకపోయారు. ఫెర్మీ, యాంగ్ కూడా దాన్ని ఒక ప్రశ్నగానే వేశారు, సిద్ధాంతంగా కాదు. క్వార్కుల మీద 1964లో వ్యక్తమైన అనుమానంలో పెద్ద పాలు ఈ పాత చిక్కు నుంచి వచ్చిందే.

1950ల చివరికి బర్క్‌లీ, బ్రూక్‌హేవెన్ యంత్రాల నుంచి కొత్త కణాలు వరసగా వస్తున్నాయి. నగోయాలో షోయిచి సకాటా 1956లో ప్రోటాన్, న్యూట్రాన్, లాంబ్డా అనే మూడింటినీ మూలకణాలుగా తీసుకుని మిగతావన్నీ వాటినుంచే కట్టవచ్చన్నారు. పయాన్ వంటి మీసాన్ల లెక్క చక్కగా కుదిరింది, ప్రోటాన్ వంటి బేరియాన్ల లెక్క కుదరలేదు. బర్క్‌లీలో జెఫ్రీ చ్యూ దీనికి పూర్తిగా ఎదురు నిలిచారు. ప్రబల బలానికి లోబడే కణాల్లో ఏదీ మూలం కాదు, ప్రతిదీ మిగతావాటితో తయారైనదే, అన్నీ సమానమే అన్నది ఆయన వాదం. దానికి కేంద్రక ప్రజాస్వామ్యం అని పేరు కూడా పెట్టారు. ఇవాళ అది వింతగా వినిపించవచ్చు గానీ 1962లో ఆ రంగంలోని యువకుల్లో చాలామంది ఆ పక్షమే. కణాల లోపలి సంగతి అడగకుండా, ఢీకొనే ముందు ఏముంది, ఢీకొన్నాక ఏముంది అన్న లెక్కకే కట్టుబడటం వారికి క్రమశిక్షణగా తోచింది. గెల్‌మన్ 1961లో, అదే ఏడాది లండన్‌లో ఇజ్రాయెల్ సైనిక ప్రతినిధిగా పనిచేస్తూ అబ్దుస్ సలామ్ దగ్గర చదువుకున్న యువల్ నీమన్ విడిగా, ఎనిమిదేసి కణాలను ఒక కుటుంబంగా పేర్చే సౌష్ఠవాన్ని కనిపెట్టారు. పది కణాల మరో కుటుంబంలో తొమ్మిదే కనిపించాయి. పదోదాని ఆవేశం, వింతదనం (స్ట్రేంజ్‌నెస్) అనే గుణం, సుమారు 1,680 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ద్రవ్యరాశి ముందే చెప్పగలిగారు. 1964 ఫిబ్రవరిలో బ్రూక్‌హేవెన్‌లో నికొలస్ సామియోస్ బృందం 80 అంగుళాల బబుల్ చాంబర్‌లో తీసిన దాదాపు లక్ష ఛాయాచిత్రాల్లో వెతికి ఆ ఒమేగా మైనస్‌ను పట్టుకుంది.

ఆ విజయం సౌష్ఠవానికి దక్కింది. దాన్ని క్వార్కుల విజయంగా లెక్కించడం తర్వాతి కాలపు అలవాటు. ఎనిమిది, పది చొప్పున గుంపులు ఏర్పడడానికి గణితంలో మూడు సభ్యుల మూల కుటుంబం ఉండాలి. కానీ ఆ ముగ్గురు సభ్యులూ ప్రకృతిలో ఉండి తీరాలని గణితం శాసించదు. 1963 మార్చిలో కొలంబియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ సెర్బర్ ఈ ముగ్గురి సంగతి అడిగినప్పుడు, అలా అయితే ఆవేశాలు భిన్నాలుగా వస్తాయన్నదే గెల్‌మన్‌కు మొదట కనిపించిన అడ్డంకి. ఎవరూ ఎక్కడా భిన్నావేశాన్ని కొలవలేదు. రెండో అడ్డంకి మరీ మొండిది. ఒమేగా మైనస్‌లో మూడూ ఒకే రకం క్వార్కులు కావాలి, మూడిటి స్పిన్నూ ఒకే దిక్కున ఉండాలి. స్పిన్ సగం ఉన్న కణాలు రెండు ఒకే స్థితిలో ఉండకూడదని పౌలీ వర్జన నియమం. ఆవర్తన పట్టిక మొత్తం నిలబడ్డది ఆ నియమం మీదే. క్వార్కులు నిజమని నమ్మాలంటే పౌలీని కాదనాలి, లేదా ఇంకెవరూ చూడని మరో గుణాన్ని ఊహించాలి. ఆస్కార్ గ్రీన్‌బర్గ్ 1964 చివర్లోనూ, హాన్, నాంబు 1965లోనూ అలాంటి గుణాన్నే ఊహించారు. అప్పటికి అది ఒక చిక్కును దాటడానికి తెచ్చిన మరో ఊహ. అదే 1964లో రాసిన ఇంకో వ్యాసంలో గెల్‌మన్ తన పద్ధతిని ఫ్రెంచి వంటతో పోల్చారు. రెండు దూడ మాంసపు ముక్కల మధ్య ఫెజెంట్ అనే అడవికోడి మాంసాన్ని వండుతారట. వంట అయ్యాక పైనా కిందా ఉన్న ముక్కలు పారేస్తారట. క్వార్కులతో లెక్క వేసి, సమీకరణాలు దొరికాక క్వార్కులను వదిలేయవచ్చని ఆయన ఉద్దేశం. ఆనాటి సాక్ష్యాలు చూస్తే ఇది నిజాయితీగల మాట.

మరి జ్వైగ్ అంత గట్టిగా ఎందుకు నమ్మారు? ఆయనకు కారణం ఉంది, అది చిన్నదీ కాదు. ఫై అనే మీసాన్ ద్రవ్యరాశి సుమారు 1,020 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. అది రెండు కేయాన్లుగా విడిపోతే మిగిలే శక్తి సుమారు ముప్పై. రో మీసాన్, పయాన్‌లుగా విడిపోతే మిగిలేది వందకు పైగా. మిగిలే శక్తి ఎక్కువైతే ఆ దారిన విచ్ఛిన్నం కావడం సులభం కావాలి, అయినా ఫై ఎక్కువసార్లు కేయాన్లనే ఎంచుకుంటోంది. ఆ కాలపు సౌష్ఠవ నియమాల్లో దీన్ని వద్దనేది ఏదీ లేదు. ఫైలో ఒక వింత ఏస్, ఒక వింత ప్రతి ఏస్ ఉన్నాయని, అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకోకుండా చెరో కేయాన్‌లోకి నడిచి వెళ్తున్నాయని అనుకుంటే విషయం తేటపడుతుంది. గెల్‌మన్ సౌష్ఠవం దారిన క్వార్కు దగ్గరికి వచ్చారు, జ్వైగ్ ఒక కణం విచ్ఛిన్నమయ్యే తీరును చూసి వచ్చారు. లోపల ఉన్నది బయటికి ఎలా పోతుందో కళ్లకు కట్టినట్టు ఊహించగలిగారు కాబట్టే ఆయనకు అది నిజమనిపించింది. ఇదొక గొప్ప అంతర్దృష్టి.

అయినా ఆయన అప్పుడే సరిగ్గా నిరూపించారనడం కుదరదు. జ్వైగ్ చిత్రంలో ఏస్‌లు బరువైన కణాలు, బలంగా బంధింపబడి, మెల్లగా కదిలేవి. ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ డాలిట్జ్, జెనోవాలో జాకొమో మోర్పుర్గో 1965 నుంచి ఇలాంటి చిత్రంతోనే లెక్కలు వేశారు. అవి అనుకున్నదానికంటే బాగా కుదిరాయి. ప్రోటాన్, న్యూట్రాన్ అయస్కాంత భ్రామకాల నిష్పత్తి ఈ నమూనాలో మైనస్ 1.5 రావాలి, కొలతలో 2.793కు మైనస్ 1.913, అంటే మైనస్ 1.46. అంత పచ్చి నమూనాకు అంత దగ్గరి ఫలితం రావడం చూసి నమ్మినవారున్నారు. కానీ అదే నిష్పత్తి క్వార్కుల ఉనికితో సంబంధం లేకుండా విశాల సౌష్ఠవం నుంచి కూడా వస్తుందని బేగ్, లీ, పైస్ 1964లోనే చూపించారు. బరువైన కణాలు లోపల మెల్లగా కదులుతున్నాయంటే వాటిని అంత బిగించి పట్టిన బలం ఏమిటో, అవి ఢీకొన్నప్పుడు ఎందుకు ఊడిపడవో నమూనా చెప్పలేదు. సముద్రపు నీటిలో, ఉల్కల్లో, కాస్మిక్ కిరణాల్లో, కొత్త యాక్సిలరేటర్లలో భిన్నావేశం కోసం వెతికారు. గట్టిగా నిలిచినది ఏదీ దొరకలేదు. 1969లో గెల్‌మన్‌కు నోబెల్ ఇచ్చినప్పుడు బహుమతి ప్రకటన మూలకణాల వర్గీకరణనూ వాటి చర్యలనూ పేర్కొంది. క్వార్కు మాట అందులో లేదు. ఆనాటి వృత్తి తీర్పు ఎక్కడ ఆగిందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన పత్రం దొరకదు.

తీర్పు మారడం మొదలైంది కాలిఫోర్నియాలో, మూడు కిలోమీటర్ల పొడవున్న స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ దగ్గర. 1950ల్లో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ ఎలక్ట్రాన్లతో ప్రోటాన్‌ను కొట్టి, దాని ఆవేశం ఒక చిన్న ప్రాంతమంతా మెత్తగా పరుచుకుని ఉందని చూపించారు. అందుకే కొత్త యంత్రంలో ఎలక్ట్రాన్లు పెద్ద కోణాల్లో మళ్లడం చాలా అరుదుగా ఉంటుందని చాలామంది అనుకున్నారు. జెరోమ్ ఫ్రీడ్‌మన్, హెన్రీ కెండల్, రిచర్డ్ టేలర్ బృందం 1967 నుంచి చేసిన ప్రయోగాల్లో అనుకున్నది జరగలేదు. ప్రోటాన్‌ను గట్టిగా కొట్టి బద్దలు చేసే దెబ్బల్లో ఎలక్ట్రాన్లు పెద్ద కోణాల్లో అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువగా మళ్లాయి. 1968లో వియన్నా సదస్సులో వుల్ఫ్‌గాంగ్ పనోఫ్‌స్కీ ఈ ఫలితాలు చెబుతూ, లోపల బిందువుల్లాంటి ఆవేశాలు ఉండవచ్చన్న మాటను జాగ్రత్తగా ప్రస్తావించారు. జేమ్స్ బ్యోర్కెన్ అంతకుముందే, ఈ దెబ్బల ఫలితం శక్తి మీదా మళ్లిన తీరు మీదా విడివిడిగా కాక వాటి ఒకే ఒక నిష్పత్తి మీద ఆధారపడుతుందని లెక్క కట్టి ఉన్నారు. కొలతలు ఆ గీత మీదే పడ్డాయి. 1968 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్‌కు వచ్చిన రిచర్డ్ ఫైన్‌మన్, లోపలి బిందువులను పార్టాన్లని పిలిచే తన చిత్రంతో దాన్ని సులభంగా విడమరిచారు. ఆయన వాటిని క్వార్కులనలేదు. ఆ సంకోచం సరైనదే, ఎందుకంటే బిందువులున్నాయని తెలియడం వేరు, అవి గెల్‌మన్ చెప్పిన ఆవేశాలున్న బిందువులేనని తెలియడం వేరు.

ఆ రెండో సంగతి తేల్చిన తీరు ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే అందంగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ పార్టాన్‌ను విద్యుదావేశం ద్వారా తాకుతుంది. దెబ్బ బలం ఆ ఆవేశపు వర్గాన్ని బట్టి ఉంటుంది. న్యూట్రినోకు విద్యుత్తుతో పనిలేదు, అది దుర్బల బలంతో తాకుతుంది. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ సమానంగా ఉన్న లక్ష్యాన్ని ఈ రెండిటితోనూ కొట్టి నిష్పత్తి చూస్తే, మధ్యలో తెలియనివన్నీ కొట్టుకుపోయి క్వార్కుల ఆవేశాల వర్గాల సగటు మిగులుతుంది. మూడింట రెండు వంతుల వర్గం 4/9, మూడో వంతు వర్గం 1/9, వాటి సగటు 5/18. 1972 నుంచి సెర్న్‌లో గార్గమెల్ అనే పెద్ద బబుల్ చాంబర్ ఇచ్చిన న్యూట్రినో కొలతలను అమెరికాలోని ఎలక్ట్రాన్ కొలతల పక్కన పెడితే ఆ 5/18 కనిపించింది. ఎవరూ భిన్నావేశమున్న కణాన్ని చేతిలోకి తీసుకోలేదు. అయినా భిన్నం కొలతలోకి వచ్చింది. అదే లెక్కలో ఇంకో ఫలితమూ వచ్చింది. క్వార్కులన్నీ కలిసి ప్రోటాన్ ద్రవ్యవేగంలో సుమారు సగమే మోస్తున్నాయి. మిగతా సగం ఎలక్ట్రాన్‌కూ న్యూట్రినోకూ అందని ఇంకేదో మోస్తోంది. నమూనా తన లెక్కలో ఖాళీ ఎక్కడుందో తానే చూపించింది.

కానీ ఈ విజయమే పాత చిక్కును ఇంకా బిగించింది. గట్టి దెబ్బ తగిలినప్పుడు క్వార్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేనంత స్వేచ్ఛగా ప్రవర్తిస్తున్నాయి. అలాంటివి ఇంత బలమైన దెబ్బకు ఊడి బయట పడాలి. ఒక్కటీ పడలేదు. 1973లో ప్రిన్స్‌టన్‌లో డేవిడ్ గ్రాస్, ఫ్రాంక్ విల్చెక్, హార్వర్డ్‌లో డేవిడ్ పొలిట్జర్ చేసిన లెక్క ఈ వైరుధ్యంలో సగాన్ని విప్పింది. గ్రీన్‌బర్గ్, నాంబు ఊహించిన ఆ అదనపు గుణాన్ని ‘రంగు’గా తీసుకుని, దాన్నే బలానికి మూలంగా పెట్టి సిద్ధాంతం కడితే, ఆ బలం దగ్గరి దూరాల్లో బలహీనపడుతుంది, దూరం పెరిగే కొద్దీ పెరుగుతుంది. గట్టి దెబ్బలో స్వేచ్ఛా, మామూలు స్థితిలో చెరా ఒకే బలం రెండు ముఖాలు. ద్రవ్యవేగంలో కనబడని సగం ఆ బలాన్ని మోసే గ్లువాన్లది. పౌలీ నియమాన్ని కాపాడడానికి తెచ్చిన ఊహ, బలానికి పునాదిగా మారింది.

అయినా 1974 వేసవిలో పరిస్థితి తేలికగా లేదు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఢీకొన్నప్పుడు హాడ్రాన్లు, అంటే ప్రబల బల కణాలు, పుట్టే రేటుకూ మ్యువాన్లు పుట్టే రేటుకూ ఉన్న నిష్పత్తి, మూడు రకాల క్వార్కులు మూడేసి రంగుల్లో ఉంటే 2 దగ్గర ఆగాలి. కొలతలో శక్తి పెంచే కొద్దీ అది పెరుగుతూ పోయింది. ఆ జులై లండన్ సదస్సులో సిద్ధాంతకర్తల అంచనాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. నవంబరు 11న బ్రూక్‌హేవెన్‌లో శామ్యూల్ టింగ్ బృందం, స్టాన్‌ఫర్డ్‌లో బర్టన్ రిక్టర్ బృందం ఒకేసారి 3.1 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక కొత్త కణాన్ని ప్రకటించాయి. అంత బరువున్న కణం ఎంతకాలం బతకాలో, అంతకంటే కొన్ని వేల రెట్లు ఎక్కువ కాలం అది బతుకుతోంది. 1970లో గ్లాషో, ఇలియోపౌలోస్, మయాని ఉండి తీరాలని చెప్పిన నాలుగో క్వార్కు, చార్మ్, దాని ప్రతి క్వార్కు కలిసి ఉన్న కణం ఇదని ఆ తర్వాత తేలింది. దాని దీర్ఘాయువుకు కారణం, 1964లో జ్వైగ్ ఫై మీసాన్‌లో చూసిన ఆ నియమమే. చార్మ్ క్వార్కులు విడిగా కొత్త మీసాన్లలోకి నడిచి వెళ్లడానికి శక్తి చాలదు, ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం కష్టం, అందుకే అది నిలుస్తుంది. పదేళ్లు పత్రికకెక్కని ఆ నివేదికలోని ముఖ్యమైన తర్కం ఇలా గెలిచింది. హాడ్రాన్ల నిష్పత్తి పెరగడానికి కూడా చార్మ్ ఒక కారణం; మరో కారణం అప్పుడే మార్టిన్ పెర్ల్ కనుగొంటున్న టౌ అనే, ఎలక్ట్రాన్ జాతికి చెందిన బరువైన లెప్టాన్.

ఇప్పుడు కొలబద్ద సంగతి. 1977లో స్టాన్‌ఫర్డ్‌లోనే విలియం ఫెయిర్‌బ్యాంక్ బృందం, అతి చల్లటి నియోబియం గోళీలను అయస్కాంత క్షేత్రంలో తేల్చి ఆవేశం కొలిచి, మూడో వంతు ఆవేశం కనిపించిందని ప్రకటించింది. 1964లో ఇదే ప్రకటన వచ్చి ఉంటే క్వార్కు ఉందనడానికి అదే అంతిమ సాక్ష్యం అయ్యేది. 1977లో దాన్ని అందరికంటే గట్టిగా శంకించినవాళ్లు క్వార్కులను నమ్మినవాళ్లే. వాళ్లు నమ్మిన క్వార్కు ఒంటరిగా బయటికి రాదు. వస్తే సిద్ధాంతమే తప్పు. ఫలితం మిగతా ప్రయోగశాలల్లో నిలవలేదు. పదమూడేళ్లలో ఒకే పరిశీలన నిరూపణ స్థానం నుంచి అభ్యంతర స్థానానికి మారింది. అంటే గెల్‌మన్ సందేహించిన క్వార్కూ, 1974లో భౌతికశాస్త్రం ఒప్పుకున్న క్వార్కూ ఒకటి కావు. ఆయన లేదన్నది ఒంటరిగా దొరికే క్వార్కును. అది ఇవాళ్టికీ లేదు. జ్వైగ్ ఉందన్నది బరువైన, విడదీయదగిన ఏస్‌ను. అది కూడా లేదు. ఉన్నది వాళ్లిద్దరిలో ఎవరూ 1964లో వర్ణించలేని మూడో వస్తువు.

ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. 1984లో ఆండ్రూ పికరింగ్ క్వార్కుల మీద రాసిన పుస్తకంలో, శాస్త్రవేత్తలు తమ చేతిలో ఉన్న పద్ధతులకు పని దొరికే సిద్ధాంతాన్ని ఎంచుకున్నారని, ఆధారాలు వారిని బలవంతపెట్టలేదని వాదించారు. కొలబద్ద మారిందని నేనే అంటున్నాను కనుక, ఇది నా మాటకే తగిలే ప్రశ్న. ఎంపిక జరిగిన మాట నిజం. కానీ కొలబద్ద ఎటు మారిందో చూడాలి. 1908 తర్వాత జాన్ పెరాన్ పరమాణువుల ఉనికిని నమ్మించినది పరమాణువును చూపి కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని దారుల్లో లెక్కించిన అవగాడ్రో సంఖ్య ఒకటే వచ్చిందని చూపి. క్వార్కు విషయంలోనూ అంతే. న్యూట్రినోలతో వచ్చిన 5/18, తటస్థ పయాన్ రెండు ఫోటాన్లుగా విచ్ఛిన్నమయ్యే రేటులో రంగుల వల్ల రావాల్సిన తొమ్మిది రెట్లు, హాడ్రాన్ నిష్పత్తిలో మూడు రెట్లు, ఇవి వేరు వేరు యంత్రాల్లో, వేరు వేరు బలాల ద్వారా వచ్చిన సంఖ్యలు. ఒక బృందపు అభిరుచి వీటన్నిటినీ ఒకేసారి కుదర్చలేదు. పైగా ప్రత్యామ్నాయాలను వినకుండా తోసేశారనడం కూడా సరికాదు. ఒడిశాలో పుట్టిన జోగేశ్ పతి, అబ్దుస్ సలామ్ కలిసి, క్వార్కుల ఆవేశాలు పూర్ణాంకాలేనని, అవి బయటికి వచ్చి విచ్ఛిన్నం కాగలవని 1973 నుంచి వాదించారు. ప్రోటాన్ కూడా శాశ్వతం కాదన్న ఆలోచన ఆ దారిలోనూ, మరుసటి ఏడాది జార్జి, గ్లాషో దారిలోనూ వచ్చింది. చిత్తూరు జిల్లాకు పొరుగున ఉన్న కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్ భాగస్వాములతో కలిసి 1980లో ప్రోటాన్ విచ్ఛిన్నం కోసం ఇనుప పలకల పరికరం నడిపించడం మొదలుపెట్టారు. కొన్ని ఆశాజనకమైన ఘటనలు కనిపించాయి. అమెరికా, జపాన్‌ల పెద్ద నీటి తొట్లలో అవి నిర్ధారణ కాలేదు. ఒక ఊహను అంత లోతుకు దిగి పరీక్షించిన వృత్తిని, ఎదురు మాట వినలేదని నిందించలేం.

సందేహాన్ని సమర్థిస్తున్నాను గానీ, ఆ సందేహంతో పాటు తిరిగిన చిన్నచూపును కాదు. ఏస్‌ల నివేదికను ఊహాగానంగా కొట్టిపారేసినవాళ్లున్నారు, దానికి జ్వైగ్ తన వృత్తిజీవితంలో ధర చెల్లించారు. తర్వాత ఆయన నాడీశాస్త్రం వైపు మళ్లారు. సకాటా తన నమూనాకు మార్క్సిస్టు తత్త్వశాస్త్రం నుంచి ప్రేరణ తీసుకున్నానని దాచకుండా చెప్పడం కూడా పడమటి దేశాల్లో ఆయన మాటకు ఆదరణ తగ్గించింది. తన నమూనాలో ఆయన పొరబడింది మూలకణాలను ఎంచుకోవడంలోనే. పొరలు పొరలుగా లోపలికి వెళ్లాలన్న దారి సరైనది. నమ్మకపోవడానికి ఆధారాల కొరత చాలు. ఎగతాళి చేయడానికి వేరే ఏ ఆధారమూ అక్కర్లేకపోవడమే దానిలోని లోపం.

1974 తర్వాత కూడా ‘ప్రోటాన్‌లో మూడు క్వార్కులున్నాయి’ అన్న వాక్యం నిలకడగా లేదు. ప్రోటాన్‌లోని పై (అప్), కింద (డౌన్) రకం క్వార్కుల సొంత బరువులు కూడితే ప్రోటాన్ బరువులో సుమారు ఒక శాతమే. మిగతాదంతా గ్లువాన్ల, కదలికల శక్తి. కాలాన్నీ స్థలాన్నీ గళ్లుగా విభజించి కెన్నెత్ విల్సన్ 1974లో సూచించిన పద్ధతిలో, సూపర్ కంప్యూటర్ల మీద 2008 నాటికి ప్రోటాన్ బరువును కొద్ది శాతం తేడాతో లెక్క కట్టగలిగారు. క్వార్కు ఎందుకు బయటికి రాదో గణితపరమైన నిరూపణ ఇంకా లేదు. దానితో ముడిపడిన సమస్యకు క్లే ఇన్‌స్టిట్యూట్ 2000లో ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమతి ఎవరికీ దక్కలేదు. 1980ల చివర సెర్న్ కొలతల్లో ప్రోటాన్ స్పిన్‌లో క్వార్కుల స్పిన్ వాటా చాలా తక్కువని తేలింది. ఇప్పటి అంచనా మూడో వంతు దగ్గర. నాలుగు క్వార్కులూ ఒక ప్రతి క్వార్కూ ఉన్న కలయిక సాధ్యమేనని గెల్‌మన్ 1964 వ్యాసంలోనే రాశారు. అలాంటి వాటిని సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం 2015లో ప్రకటించింది. అవి ఐదూ ఒకే గుత్తిగా ఉన్నాయా, లేక ఒక బేరియాన్, ఒక మీసాన్ పక్కపక్కన వదులుగా అంటుకున్నాయా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. రెండు చిత్రాలతోనూ లెక్కలు వేస్తున్నారు. ఏది నిజమో చెప్పడానికి కావలసిన కొలతలు ఏమిటన్నది ఆ లెక్కల్లోంచే మెల్లగా తేలుతోంది.